హాలిఫాక్స్ లెక్క, ఆడం స్మిత్ అల్మారా

కెనడా తూర్పు తీరంలో నోవా స్కోషియా రాజధాని హాలిఫాక్స్. 1749లో బ్రిటిష్‌వాళ్లు కట్టుకున్న రేవు పట్టణం.  

ఈ నోవా స్కోషియా తన పాలన ఖర్చుకు తనవంతుగా ఏటా సుమారు 7,000 పౌండ్లు భరించేదని ఆడం స్మిత్ 1776లో ‘వెల్త్ ఆఫ్ నేషన్స్’ నాలుగో భాగంలో రాశారు. పక్కనే మిగతా వలసల పద్దులు కూడా ఉన్నాయి: మసాచుసెట్స్‌కు 18,000, కనెక్టికట్‌కు 4,000, న్యూజెర్సీకి 1,200. స్మిత్ అట్లాంటిక్ ఏనాడూ దాటలేదు. ఆ గ్రంథంలో చాలా భాగం స్కాట్లండ్‌లోని కిర్కాల్డీ అనే చిన్న ఊళ్లో కూర్చుని రాసిందే. ప్రపంచాన్ని ఆయన ఎక్కువగా చూసింది పుస్తకాల్లోనే. అందుకే ఆయన సొంత గ్రంథాలయం పరిశోధకులకు అంత ముఖ్యం.

అందులో దాదాపు 3,000 సంపుటాలు ఉండేవి. దొరికినంతవరకు వాటిని వెతికి పరిశోధకుడు జేమ్స్ బోనార్ 1894లో జాబితా అచ్చువేశారు. ఆయన కట్టిన లెక్క చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. సాహిత్యం, కళలు ఐదో వంతు. గ్రీకు, లాటిన్ ప్రాచీన గ్రంథాలు ఐదో వంతు. న్యాయం, రాజకీయాలు, జీవితచరిత్రలు ఐదో వంతు. విజ్ఞానం, తత్వం మరో ఐదో వంతు. అర్థశాస్త్రానికి దక్కింది చివరి ఐదో వంతు, అదీ చరిత్రతో కలిపి. భాషలవారీగా చూస్తే ఇంచుమించు మూడో వంతు ఫ్రెంచి పుస్తకాలే. అర్థశాస్త్ర పితామహుడని మనం పిలిచే మనిషి ఏమేం చదివి అంతటివాడయ్యాడో చెప్పడానికి ఈ జాబితాను మించిన సాక్ష్యం నాకు కనబడలేదు.

ఒక్క పుస్తకం సంగతి చూడండి. యూరప్ దేశాల పన్నుల మీద ఫ్రెంచి ప్రభుత్వం తన కమిషన్ ఒకదాని కోసం వేయించిన గ్రంథం అది, అంగట్లో దొరికేది కాదు. ఫ్రాన్స్ ఆర్థికమంత్రిగా పనిచేసిన తుర్గో చలవతో స్మిత్‌కు ఒక ప్రతి దక్కింది. అది అరువు కావాలని జాన్ సింక్లెయిర్ అనే ఆయన అడిగితే, 1778 నవంబరులో స్మిత్ జవాబు రాశారు: బ్రిటన్ మొత్తంమీద తనకు తెలిసినవి మూడే ప్రతులు, తనది పోతే మళ్లీ దొరకదు.

స్మిత్ పెళ్లి చేసుకోలేదు. 1790లో ఆయన పోయాక పుస్తకాలు బంధువు డేవిడ్ డగ్లస్‌కు, 1819 తర్వాత డగ్లస్ కూతుళ్లిద్దరికీ చేరాయి. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు అల్మారా రెండు వాటాలైంది. ఒక వాటా 1884లో ఎడిన్‌బరో న్యూ కాలేజీకి వెళ్లింది. రెండోదాంట్లో కొంత 1878లో అమ్ముడుపోయింది, కొంత బెల్‌ఫాస్ట్ క్వీన్స్ కాలేజీకి చేరింది. 1920లో లండన్‌లో అమ్మకానికొచ్చిన సుమారు 300 సంపుటాలను జపాన్ పండితుడు నిటోబే ఇనాజో కొని టోక్యో విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. మూడేళ్లకే మహాభూకంపం వచ్చింది. ఋగ్వేదాన్ని అచ్చువేయించిన మాక్స్ ముల్లర్ గ్రంథాలయం అక్కడే కాలి బూడిదైంది. స్మిత్ పుస్తకాలు దక్కాయి. చెల్లాచెదురైన పుస్తకాలన్నిటి ఆచూకీ తీసి పరిశోధకుడు హిరోషి మిజుతా పూర్తి జాబితా ప్రచురించేసరికి 2000 సంవత్సరం వచ్చింది. స్మిత్ పోయిన 210 ఏళ్లకన్నమాట.

మనవైపు చూస్తే, 1917లో అంబేడ్కర్ లండన్ నుంచి తిరిగొస్తూ విడిగా ఓడకెక్కించిన పుస్తకాలు జర్మన్ టార్పెడో దెబ్బకు సముద్రంలో మునిగాయి. రూపాయి సమస్య మీద సిద్ధాంత గ్రంథం రాయబోతున్న అర్థశాస్త్రవేత్త పుస్తకాలవి. ఏమేం పోయాయో పేరుపేరునా ఎవరు చెప్పగలరు?

మన ఊళ్లలో పుస్తకాలు పోవడానికి టార్పెడో అక్కర్లేదు, తూకం రాళ్లు చాలు. మీ ఇంట్లో చదువుకున్న పెద్దవారి పుస్తకాలు ఉంటే, పాత కాగితాల అతన్ని పిలిచే ముందు ఒక నోటుబుక్కు తీయండి. పుస్తకం పేరు, రచయిత, సంవత్సరం, అట్ట లోపలి సంతకం, అంచుల్లో పెన్సిల్ రాతలు, అన్నీ వరసగా రాయండి. ఆ జాబితాతో సహా అన్నిటినీ ఒకే గ్రంథాలయానికి, ఒకే చోట ఉంచుతామని మాట తీసుకుని ఇవ్వండి.