వినపడని పాఠం

పాట, బాట, మాట. చెవికి ఈ మూడూ వేరు వేరు పదాలు. పెదవులు చూసి అర్థం చేసుకునే పిల్లవాడికి మూడూ ఒకటే, ఎందుకంటే ప, బ, మ పలికేటప్పుడు పెదవులు ఒకేలా మూసుకుంటాయి. క, గ లాంటివి గొంతు దగ్గర పుడతాయి కాబట్టి అసలే కనబడవు. అందుకే పెదవుల కదలిక ఒక్కటే ఎవరికీ చాలదు. సందర్భం తెలియాలి. ఏ పాఠం చెబుతున్నారో ముందుగా బోర్డు మీద రాస్తే సగం ఊహ అక్కడే తేలికవుతుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం రెండు చెవుల్లో 70 డెసిబెళ్ల వినికిడి నష్టం ఉన్నవారిని బధిరులుగా, 60 నుంచి 70 మధ్య ఉన్నవారిని వినికిడి మందగించినవారుగా గుర్తిస్తుంది. ఈ కొలతలకు అందని పిల్లలూ ఉంటారు: ఒక్క చెవే వినిపించేవారు, చెవిలో చీము పట్టినప్పుడల్లా వినికిడి తగ్గేవారు. పిలిస్తే పలకరు, డిక్టేషన్‌లో పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూస్తారు. వారికి పరధ్యానమని పేరు పడిపోతుంది. ఇది చాలా అన్యాయం.

చెవి మిషను పెట్టుకుంటే సమస్య తీరిపోయినట్టు కాదు. అది టీచరు గొంతుతో పాటు ఫ్యాను చప్పుడునూ, బెంచీలు లాగే శబ్దాన్నీ పెంచుతుంది. మీటరు, మీటరున్నర దూరంలోనే బాగా పనిచేస్తుంది. కాబట్టి పిల్లవాడు ముందు వరుసల్లో, తోటివారి ముఖాలు కూడా కనిపించేలా ఒక పక్కగా కూర్చోవాలి. టీచరు కిటికీకి వీపు పెట్టి నిలబడితే ముఖం నీడలో పడుతుంది. బోర్డు వైపు తిరిగి చెప్పిన మాట గోడకే చేరుతుంది. అరిచి చెబితే పెదవుల తీరు మారి మరింత అయోమయం. అర్థం కానప్పుడు అదే మాట పదేపదే అనడం కన్నా మార్చి చెప్పడం మేలు: ‘గుణించండి’ అందకపోతే ‘హెచ్చవేయండి’ అనవచ్చు. వెనక బెంచీ నుంచి వచ్చిన జవాబును టీచరు మళ్లీ చెప్పాలి.

మిషను పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఉదయం రెండు నిమిషాలు చాలు. టీచరు నోటికి కాగితం అడ్డుపెట్టుకుని ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అని ఒక్కొక్కటిగా పలకాలి. పిల్లవాడు విన్నది తిరిగి చెప్పాలి. రోజూ అందే శబ్దం ఈరోజు అందకపోతే ముందు బ్యాటరీ చూడాలి.

వినికిడి మరీ తక్కువైన పిల్లలకు సంజ్ఞాభాషే చదువుకు దారి. భారతీయ సంజ్ఞాభాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో ఢిల్లీలో ఏర్పడింది. తెలుగు రాష్ట్రాల్లో భవిత కేంద్రాల రిసోర్స్ టీచర్లు ఇలాంటి పిల్లలకు తోడ్పడతారు. అనుమానం ఉన్న పిల్లల పేర్లు టీచర్లు ముందే రాసిపెట్టుకుని, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం బడికి వచ్చిన రోజున తప్పకుండా చూపించాలి.