కారు కదలనిచో తాళపుచెవిని పరీక్షింపుడు

అర్ధరాత్రి రోగిని ఆసుపత్రికి చేర్చవలసిన వేళ కారు మొరాయించుట ప్రాణాపాయకరము. ఒకప్పుడు కదలి, ఒకప్పుడు కదలని కారులో ఇమ్మొబిలైజరు అను దొంగతన నిరోధక సాధనము చెడియుండవచ్చును. తాళపుచెవిలోని చిప్పు పంపు సంకేతమును తాళము చుట్టునున్న తీగచుట్ట గ్రహించును. అది సరిపోయిననే ఇంజను నడుచును.

కారు మొరాయించినపుడు మీటర్ల పలకపై తాళపుచెవి గుర్తుగల దీపము మినుకుమనుచున్నచో లోపము ఇచటనే యుండవచ్చును. మొదట గుత్తిలోని ఇతర తాళపుచెవులను వేరుచేయుడు. వాటిలోని చిప్పులు సంకేతమును చెరుపగలవు. పిదప రెండవ చెవితో పలుమార్లు ప్రయత్నింపుడు. దానితో ప్రతిసారియు కదలినచో మొదటి చెవి చెడినట్లు. క్రొత్తదానిని కారులో నమోదు చేయింపవలెను. రెండును విఫలమైనచో బ్యాటరీని, తీగచుట్ట అతుకులను పరీక్షింపజేయవలెను. ఆగియున్న కారు బ్యాటరీ నిండుగా నున్నచో సుమారు 12.6 వోల్టులు చూపును.

సాధనమునే తొలగించుట తగదు. అట్టి కారు దొంగకు సులభము. రెండవ చెవిని ఇంట భద్రపరచుమని పంచాయతీ సభ్యులు కారు యజమానులకు తెలుపవలెనని కోరుచున్నాము.