పక్క ఆకు మనిషి అడిగితే

తిరుమల కొండమీద అన్నానికి ఒకటే పంక్తి. దర్శనానికి ఎన్నో వరుసలు. సమన్యాయం ఎక్కడుంది?

వైకుంఠం కంపార్ట్‌మెంట్‌లో తలుపు ఎప్పుడు తీస్తారా అని అందరి చెవులూ అటే ఉంటాయి. ఎవరో ‘గోవిందా’ అంటారు, గదంతా అందుకుంటుంది. ఆ నామానికి టికెట్ లేదు. స్వామి ముందుకు వెళ్లే దారులకు మాత్రం ధరలున్నాయి. సర్వదర్శనం ఉచితం. ప్రత్యేక ప్రవేశం 300 రూపాయలు. శ్రీవాణి ట్రస్టుకు 10,000 విరాళమిస్తే, మరో 500కు బ్రేక్ దర్శనం టికెట్. సిఫార్సు లేఖ తెచ్చినవారి దారి వేరు.

తేడాలన్నీ అన్యాయమేనా? చంటిబిడ్డ తల్లిని సుపథం అనే వేరే దారి గుండా పంపితే ఎవరూ గొణగరు. అందరినీ ఒకే వరుసలో నిలబెట్టడమే సమానత్వమైతే మోకాళ్ల నొప్పుల అవ్వకు అన్యాయం జరిగినట్టే.

తెర వెనక

అమెరికన్ తాత్వికుడు జాన్ రాల్స్ 1971లో ‘ఎ థియరీ ఆఫ్ జస్టిస్’లో ఒక తెరను ఊహించాడు. ఆ తెర వెనక కూర్చున్నవారికి తాము రేపు ఎవరిగా బతుకుతారో తెలియదు. అక్కడినుంచే నియమాలు రాయాలి. రేపు ఏ వరుసలో నిలబడతామో తెలియకపోతే సుపథాన్ని ఉంచుతాం. సిఫార్సు లేఖను ఉంచుతామా?

అట్టడుగువారికి మేలు జరిగితేనే తేడాలను ఒప్పుకోవచ్చనీ ఆయనే అన్నాడు. శ్రీవాణి వాదనకు బలం ఇక్కడే. ఆ సొమ్ముతో దళితవాడల్లో, గిరిజన గూడేల్లో గుళ్లు కడుతున్నారు. దీనికి అడ్డు చెప్పగలవాడు మరో తాత్వికుడు మైకేల్ వాల్జర్. అంగట్లో చెల్లే డబ్బు ప్రతి గడపలోనూ చెల్లకూడదన్నది 1983లో వచ్చిన ఆయన ‘స్ఫియర్స్ ఆఫ్ జస్టిస్’ సారం. వాడలో గుడి లేచింది, మంచిదే. ఆ వాడ మనిషి కొండకొస్తే మళ్లీ చివరి వరుసేనా?

చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, 1947 ఆలయ ప్రవేశ చట్టం దళితులకు గుడి తలుపులు తెరిచింది. గడప దగ్గర తీరిన ప్రశ్న క్యూలో మిగిలింది. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు పోయారు. వాళ్లు నిలబడింది ఉచిత టోకెన్ల దగ్గర.

ఆకు ముందు

1985లో ఎన్టీఆర్ హయాంలో మొదలైన నిత్యాన్నదానం ఇప్పుడు తరిగొండ వెంగమాంబ పేరిట ఉన్న భవనంలో సాగుతోంది. వాయల్పాడు దగ్గరి తరిగొండలో పుట్టి, బాలవితంతువై, కొండమీద కవయిత్రిగా నిలిచిన మనిషి ఆమె. ఆ భవనంలో ఎవరు ముందొస్తే వారు ముందు కూర్చుంటారు.

దర్శనాన్నీ అలాగే పంచలేమా? బియ్యం ఇంకో బస్తా పోస్తే అన్నం పెరుగుతుంది, గర్భగుడి ముందు క్షణాలు పెరగవు. కాబట్టి వరుసలు ఉంటాయి. ప్రతి వరుసకూ ఒక కారణం ఉండాలి.

ఆ కారణానికి పరీక్ష అన్నదాన సత్రంలోనే జరుగుతుంది. రాత్రంతా కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్న మనిషి పక్క ఆకు వైపు తిరిగి, ‘మీకు అంత బిరీన ఎట్లయిందన్నా దర్శనం?’ అంటాడు. ఒళ్లో బిడ్డ ఉన్నాయన బిడ్డను చూపిస్తాడు. శ్రీవాణి టికెట్‌తో వచ్చినాయన వాడలో లేచిన గుడి మాట ఎత్తుతాడు, కాస్త తడబడుతూ. లేఖ తెచ్చినాయన సాంబారు కలుపుకుంటూ ఉండిపోతాడు.