మళ్లీ అదే కారు కొంటారా?

ఫలానా కారు ఎంత వేగంగా పోతుందో చెప్పేవాళ్లు వీధికి పదిమంది ఉంటారు. "పెట్టిన డబ్బు, రిపేర్లు, సుఖం, సరదా అన్నీ లెక్కలోకి తీసుకుని చెప్పండి. ఇంకోసారి కొనాల్సి వస్తే మళ్లీ ఇదే కొంటారా?" అని అడిగేవాళ్లే అరుదు. అమెరికాలో 1936 నుంచి వస్తున్న కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక తన చందాదారులను ఈ ప్రశ్నే అడుగుతూ ఉంటుంది. ఆ పత్రిక ప్రకటనలు వేసుకోదు. పరీక్షించే కార్లను కూడా సొంత డబ్బు పెట్టి కొనుక్కుంటుంది. ఆ ప్రశ్నకు స్పోర్ట్స్ కార్ల వాళ్లు నీళ్లు నమలరు. పోర్షే 911, షెవర్లే కార్వెట్, మాజ్దా మియాటా కొన్నవాళ్లలో ఎక్కువమంది "తప్పకుండా" అనేస్తారు. వెనక సీట్లు ఉండవు, ఉన్నా పిల్లలకే ఇరుకు. డిక్కీలో రెండు బ్యాగులు పడితే గొప్ప. అయినా అదే మాట.

కాకపోతే 2011లో ఈ విషయంలో మొదటి స్థానం కొట్టేసింది స్పోర్ట్స్ కారు కాదు. షెవర్లే వోల్ట్ అనే ప్లగ్-ఇన్ హైబ్రిడ్. దాన్ని కొన్నవాళ్లలో 93 శాతం మంది మళ్లీ అదే కొంటామన్నారు. ఇంకో మెలిక కూడా ఉంది. ఈ ప్రశ్న వెళ్లేది కారు ఇంకా ఇంట్లో ఉన్నవాళ్లకే. విసిగిపోయి అమ్మేసుకున్నవాళ్ల ఓటు ఇందులో పడదు. కాబట్టి ఈ అంకెలు చూసి మురిసిపోయేవాళ్లు కాస్త ఆగి మురవడం మంచిది.

విసిగిపోయినవాళ్లలో చరిత్రకెక్కినవాడు ఫెరూచియో లంబోర్గిని. ట్రాక్టర్లు చేసి బాగా సంపాదించిన ఈ ఇటలీ వ్యాపారికి ఫెరారీలంటే మోజు. కొన్నాడు కూడా. కానీ క్లచ్ పదే పదే పోయేది. బాగుచేసి పంపడం, మళ్లీ పోవడం. చివరికి తన సొంత వర్క్‌షాప్‌లో విప్పించి చూస్తే, అది తన ట్రాక్టర్లకు వాడే క్లచ్ లాంటిదేనని తేలింది. ఆ సంగతి ఎంజో ఫెరారీకి చెబితే, ట్రాక్టర్లు తోలేవాడికి కార్ల గురించి ఏం తెలుసన్నట్టు మాట్లాడాడట. ఇదంతా ఫెరూచియో తర్వాతి రోజుల్లో చెప్పుకున్న కథ. చెప్పింది ఒక పక్షమే కనుక కొంత ఉప్పూ కారం కలిసే ఉంటుంది. జరిగింది మాత్రం నిజం: 1963లో ఆయన సొంత కార్ల కంపెనీ పెట్టాడు. మళ్లీ కొంటావా అంటే, కొనను, నేనే చేసుకుంటాను అన్నమాట.

ఇందుకు సరిగ్గా ఎదురు ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్. ఆయన నడిపింది వెండిరంగు మెర్సిడెస్ ఎస్ఎల్ 55 ఏఎంజీ. దానికి ఎప్పుడూ నంబరు ప్లేటు ఉండేది కాదు. అప్పట్లో కాలిఫోర్నియా చట్టం కొత్త కారుకు ప్లేటు బిగించుకోవడానికి ఆరునెలల గడువిచ్చేది. అందుకని లీజు కంపెనీతో మాట్లాడుకుని ఆరునెలలు నిండేలోపు పాతది ఇచ్చేసి, అచ్చం అలాంటిదే కొత్తది తెచ్చుకునేవాడని ఆయన దగ్గర పనిచేసినవాళ్లు చెప్పారు. అదే మోడల్, అదే రంగు. ఇంతకంటే గట్టి "అవును" ఏ సర్వేలోనూ దొరకదు. ఆ వెసులుబాటును కాలిఫోర్నియా తర్వాత తీసేసింది.

ఇక అసలు సంగతికి వద్దాం. మళ్లీ మళ్లీ కొనే కార్లలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది లక్షల డాలర్ల కారు కాదు, మాజ్దా మియాటా. 1970ల చివర్లో బాబ్ హాల్ అనే అమెరికన్ ఆటోమొబైల్ విలేకరి మాజ్దా పెద్ద ఇంజినీరు కెనిచి యమమోతోతో మాట్లాడుతూ, పాతకాలపు బ్రిటిష్ టాపు తెరుచుకునే కార్ల లాంటివి ఇప్పుడెవరూ చేయడం లేదు, మీరెందుకు చేయకూడదు అన్నాడు. తర్వాత హాల్ తానే మాజ్దాలో చేరాడు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో కారు బయటికొచ్చింది. 1.6 లీటర్ల ఇంజిను, 116 హార్స్‌పవర్, టన్నులోపు బరువు. ఇవాళ మన రోడ్ల మీద తిరిగే మామూలు ఎస్‌యూవీలు చాలావాటికి ఇంతకంటే ఎక్కువ పవర్ ఉంది. అమెరికాలో దాని ధర 13,800 డాలర్లు. జనం ఎగబడేసరికి డీలర్లు పైన ఇంకా వేసుకుని అమ్మారు.

బ్రిటిష్ కార్ల అందం తీసుకుని వాటి జబ్బులు వదిలేయడమే దీని కిటుకు. ఆ పాత కార్లలో వైరింగు ఎప్పుడు మొరాయిస్తుందో తెలియదు. వాటి విద్యుత్ పరికరాలు తయారుచేసిన లూకస్ కంపెనీని చీకటి యువరాజు అని వెక్కిరించేవారు, దారిలో హెడ్‌లైట్లు ఆరిపోతాయని. మియాటాకు ఆ బాధ లేదు. ఎండ కాస్తే టాపు వెనక్కి తోసి వెళ్లొచ్చు, సోమవారం అదే కారులో ఆఫీసుకు పోవచ్చు. 2000లో ఇది ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా గిన్నిస్‌కెక్కింది. పది లక్షలో కారు 2016 ఏప్రిల్ 22న తయారైంది. దాన్ని కంపెనీ అద్దాలపెట్టెలో దాచలేదు. దేశదేశాలు తిప్పి, వచ్చిన అభిమానులందరి చేతా దాని ఒంటిమీద సంతకాలు పెట్టించింది.

ఇంకో సంగతి. కొత్త మోడల్ వచ్చిందంటే కారు లావెక్కుతుందనేది ఈ పరిశ్రమలో రివాజు. మియాటా కూడా మూడో తరానికి ఒళ్లు చేసింది. నాలుగో తరంలో ఇంజినీర్లు పంతం పట్టి దాదాపు వంద కిలోలు తగ్గించి, బరువును మొదటి కారు దగ్గరికి తెచ్చారు. 2017లో మాజ్దా మరో పని ప్రకటించింది: జపాన్‌లో మొదటితరం కార్లున్నవాళ్లు వాటిని తెచ్చిస్తే, ఫ్యాక్టరీయే బాగుచేసి ఇస్తుంది. అందుకోసం ఎప్పుడో ఆపేసిన గుడ్డ టాపును, ఆనాటి సైజు టైర్లను, చెక్క స్టీరింగును కొత్తగా చేయించింది. "మళ్లీ అదే కొంటా" అనేవాళ్లకు మళ్లీ అదే దొరకాలి కదా.

పోర్షే 911ది వేరే కథ. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూపించినప్పుడు దాని పేరు 901. మధ్యలో సున్నా ఉండే మూడంకెల పేర్లు మావంటూ ప్యూజో అడ్డుచెప్పడంతో 911 అయింది. 1980 ప్రాంతంలో కంపెనీ దీన్ని ఆపేయాలనుకుంది. 1981లో కొత్తగా వచ్చిన అధిపతి పీటర్ షుట్జ్ ఒకరోజు ఇంజినీరింగ్ విభాగం పెద్ద హెల్ముట్ బాట్ గదికి వెళ్లాడు. గోడమీద చార్టులో మిగతా మోడళ్ల గీతలు ముందుకు సాగుతుంటే 911 గీత ఆ ఏటితో ఆగిపోయి ఉంది. షుట్జ్ మార్కర్ తీసుకుని ఆ గీతను చార్టు అంచు దాటించి గోడమీదికి లాగేశాడు. 2017లో పది లక్షలో 911 తయారైంది. ఇప్పటిదాకా తాము చేసిన కార్లలో 70 శాతానికి పైగా ఇంకా నడుస్తూనే ఉన్నాయని పోర్షే చెప్పుకుంటుంది.

అంత నమ్మకమైన కారూ పరువు పోగొట్టుకున్న సందర్భముంది. 2014లో 911 జీటీ3 కార్లు రెండింటికి యూరప్‌లో మంటలంటుకున్నాయి. ఇంజిను లోపల కనెక్టింగ్ రాడ్ బోల్టులు వదులవుతున్నాయని తేలింది. అప్పటికి బయటికెళ్లిన 785 కార్లనూ నడపొద్దని చెప్పి, అన్నిటికీ ఇంజిన్లే మార్చి ఇచ్చారు. ఇంత జరిగినా ఆ కారు మీద అభిమానుల అసలు ఫిర్యాదు మంటల గురించి కాదు, గేర్ల గురించి! ఆ మోడల్‌ను ఆటోమేటిక్‌లో తప్ప ఇవ్వలేదు. ఎడమకాలికి పని లేకపోతే అది మాకెందుకన్నారు. 2016లో పోర్షే మాన్యువల్ గేర్లతో 911 ఆర్ అనే మోడల్‌ను 991 కార్లు మాత్రమే చేస్తే, చేతులు మారేటప్పుడు వాటికి షోరూం ధరను మించిన ధర పలికింది. ఆ దెబ్బకు మరుసటి ఏడాది జీటీ3లో క్లచ్ పెడల్ తిరిగొచ్చింది.

సరే, "మళ్లీ కొనను" అనేవాళ్లు ఏం చూసి అంటారు? వేగం చాల్లేదని కాదు. బిల్లు చూసి.

1990ల నాటి ఫెరారీ ఎఫ్355నే తీసుకోండి. ఇంజిను సీట్ల వెనక ఉంటుంది. టైమింగ్ బెల్టులు ఆ ఇంజిను ముందువైపున, అంటే సీట్ల వెనకున్న అడ్డుగోడకు ఆనుకుని ఉంటాయి. అక్కడ మెకానిక్ చెయ్యి పట్టదు. అందుకని కారును లిఫ్టు మీద ఎత్తి, ఇంజిను, గేర్‌బాక్సు మొత్తాన్ని కిందికి దించి, బెల్టులు మార్చి, మళ్లీ ఎక్కించాలి. రబ్బరు బెల్టు కొన్నేళ్లకు పాతబడుతుంది కనుక, కారు తిరిగినా తిరగకపోయినా మార్చాల్సిందే. మార్చకపోతే? బెల్టు తెగిన క్షణంలో వాల్వులు వెళ్లి పిస్టన్లకు గుద్దుకుంటాయి. ఖర్చు తడిసి మోపెడవుతుంది. షెడ్డులో కవరు కప్పి దాచుకున్నవాడికీ, రోజూ నడిపినవాడికీ చేతిచమురు ఒకేలా వదులుతుందన్నమాట. తర్వాత వచ్చిన 360 మోడెనాలో సీట్ల వెనక ఒక మూత పెట్టి, ఇంజిను దించకుండానే పని అయ్యేలా చేశారు.

ఆ 360 మోడెనాతో మనకూ ఒక లంకె ఉంది. టెస్టుల్లో బ్రాడ్‌మన్ 29 సెంచరీలను అందుకున్నందుకు 2002లో ఫెరారీ రేసర్ షూమాకర్ చేతుల మీదుగా సచిన్ తెందుల్కర్‌కు బహుమతిగా వచ్చింది అదే. దిగుమతి సుంకం కోటి రూపాయలు దాటింది. దాన్ని ప్రభుత్వం మాఫీ చేయడంతో గొడవ రేగి, కోర్టుదాకా వెళ్లి, చివరికి ఆ సొమ్ము ఫెరారీ అప్పటి మాతృసంస్థ ఫియట్ కట్టింది. 2011లో సచిన్ ఆ కారును సూరత్ వ్యాపారి ఒకరికి అమ్మేశాడు. స్పోర్ట్స్ కార్ల మీద ఆయనకు మనసు విరిగిందనుకునేరు. తర్వాత నిస్సాన్ జీటీ-ఆర్ కొన్నాడు.

మన దగ్గర ఈ కార్లకు బిల్లు కంటే పెద్ద శత్రువు స్పీడ్ బ్రేకర్. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం అది పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. హైదరాబాద్ కాలనీల్లో రాత్రికి రాత్రి పోసుకునే సిమెంటు దిమ్మలకు ఆ లెక్కతో పనిలేదు. అలాంటిచోట కారు ముక్కు పైకెత్తే మీట చాలా స్పోర్ట్స్ కార్లలో వస్తోంది. 2020 కార్వెట్ ఇంకాస్త ముందుకెళ్లింది. ఎక్కడ ముక్కు ఎత్తాలో ఒకసారి చూపిస్తే జీపీఎస్‌తో గుర్తుపెట్టుకుని, మరోసారి అక్కడికి రాగానే తనంతట తనే ఎత్తుతుంది. అలా వెయ్యి చోట్లు గుర్తుంచుకుంటుంది. మన నగరాల్లో ఆ వెయ్యి ఏ మూలకొస్తుందో మరి!

అదే కార్వెట్‌ను మొదట్లో కొనేవాడే లేడంటే నమ్ముతారా? 1953లో చేతిపనితో 300 కార్లు చేశారు. అన్నీ తెలుపు, లోపల ఎరుపు. తలుపులకు బయట పిడి లేదు, కిటికీలకు అద్దాల బదులు బిగించుకునే తెరలు, రెండే గేర్ల ఆటోమేటిక్. మరుసటి ఏడాది 3,640 చేస్తే ఏడాది చివరికి చాలా కార్లు అమ్ముడుకాకుండా మిగిలాయి. 1955లో చేసింది 700. ఈలోగా ఫోర్డ్ థండర్‌బర్డ్ వచ్చి వేలల్లో అమ్ముడైంది. కార్వెట్‌లో వీ8 ఇంజిను పెట్టాకగానీ గండం గడవలేదు.

కొన్న వెంటనే అమ్మేయాలనుకునేవాళ్లదో తంతు. 2017 నాటి ఫోర్డ్ జీటీ కావాలంటే డబ్బుంటే చాలేది కాదు, దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చేది. మొదటి 500 కార్లకు ఆరున్నరవేలకు పైగా దరఖాస్తులొచ్చాయి. రెండేళ్లదాకా అమ్మనని సంతకం పెట్టాల్సి వచ్చేది. రెజ్లర్, నటుడు జాన్ సీనా సంతకం పెట్టి, కారు చేతికొచ్చిన కొన్ని వారాలకే అమ్మేశాడు. ఫోర్డ్ కోర్టుకెళ్లింది. 2018లో రాజీ కుదిరి, రాజీ సొమ్ము దానధర్మాలకు పోయింది.

రోవన్ అట్కిన్సన్, అంటే మన మిస్టర్ బీన్, అలా కాదు. 1997లో మెక్‌లారెన్ ఎఫ్1 కొన్నాడు, 5 లక్షల 40 వేల పౌండ్లకు. మొత్తం 106 మాత్రమే తయారైన ఆ కారును సరుకులు తేవడానికి వెళ్లినంత మామూలుగా వాడాడు. రెండుసార్లు గుద్దాడు కూడా. 2011లో చెట్టుకు గుద్దినప్పుడు ఇన్సూరెన్సు వాళ్లకైన రిపేరు ఖర్చు 9 లక్షల 10 వేల పౌండ్లు, కొన్న ధర కంటే ఎక్కువ. నాలుగేళ్ల తర్వాత అది దాదాపు 80 లక్షల పౌండ్లకు అమ్ముడైంది. నడపకుండా దాచుకుంటేనే విలువ పెరుగుతుందనేవాళ్ల దగ్గర దీనికి జవాబు లేదు.

అందరికంటే ఎక్కువ నడిపినవాడు ఇర్వ్ గోర్డన్. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో సైన్సు మాస్టారు. 1966లో ఎర్రటి వోల్వో 1800ఎస్ కొన్నాడు, 4,150 డాలర్లకు. అది ఆయన ఏడాది జీతంతో సమానం. శుక్రవారం కారు తెచ్చుకుని, ఆపబుద్ధి కాక తిరుగుతూనే ఉండి, సోమవారానికల్లా 1,500 మైళ్లు పూర్తిచేసి మొదటి సర్వీసింగుకు షోరూంకు వచ్చాడు. 2013లో అలాస్కాలో 30 లక్షల మైళ్లు దాటి గిన్నిస్‌లో తన రికార్డు తానే తిరగరాశాడు. మధ్యలో వోల్వో కంపెనీ ఆయనకు కొత్త కార్లు బహూకరించింది, పుచ్చుకున్నాడు. పాతదాన్ని మాత్రం వదల్లేదు. అమ్ముతారా అని అడిగినవాళ్లకు, తిరిగిన మైలుకు ఒక డాలరు చొప్పున ఇస్తే ఇచ్చేస్తాననేవాడు. ఆ లెక్కన 30 లక్షల డాలర్లు. కారు 2018లో ఆయన పోయేదాకా ఆయన దగ్గరే ఉంది.