ఎనిమిదా... పదహారా?

ముహూర్తాలు మొదలయ్యాయంటే ఆత్మకూరు, ఉదయగిరి వైపు ఫొటో స్టూడియోల్లో అర్ధరాత్రి దాకా లైట్లు వెలుగుతూనే ఉంటాయి. ఆల్బమ్ ఎప్పుడిస్తారు, వీడియో ఎప్పుడిస్తారని పెళ్లివారి ఫోన్లు. పాత కంప్యూటరేమో మిక్సింగ్ మధ్యలో మొరాయిస్తుంది. ఇక లాభం లేదని అప్పో సప్పో చేసి కొత్తది కొందామని నెల్లూరు బస్సెక్కితే, అక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్న... 'ఎన్ని కోర్లది కావాలి?'

ఎక్కువుంటే మంచిదేగా అనిపిస్తుంది. జేబుకు చిల్లు పడేది అక్కడే! 2024 ఆగస్టులో ఏఎండీ సంస్థ విడుదల చేసిన ప్రాసెసర్లనే చూడండి. 8 కోర్ల రైజెన్ 9700ఎక్స్ విడుదల ధర 359 డాలర్లు. 16 కోర్ల 9950ఎక్స్‌ది 649 డాలర్లు. ధర దాదాపు రెట్టింపు. మరి పని సగం సమయంలో అయిపోతుందా?

అసలు ఇళ్లలో వాడే కంప్యూటర్లకు 2005 దాకా ఈ కోర్ల గొడవే లేదు. గిగాహెర్ట్జ్ ఎంత అనేదే లెక్క. 2004లో పెంటియం-4 వేగం 3.8కి చేరింది. 4 గిగాహెర్ట్జ్‌ది తెస్తామన్న ఇంటెల్ అదే ఏడాది ఆ ఆలోచన మానుకుంది. వేగం పెంచేకొద్దీ చిప్ వేడెక్కిపోవడమే ఆ రోజుల్లో పెద్ద తలనొప్పి. దాంతో ఒక్కరినే పరుగెత్తించే బదులు ఇద్దరిని పనిలో పెడదామన్నట్టు, 2005లో ఇంటెల్, ఏఎండీ రెండూ రెండు కోర్ల ప్రాసెసర్లు తెచ్చాయి. అప్పట్నుంచి అంకె పెరుగుతూనే ఉంది.

చెంచా చెప్పే లెక్క

ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. వంద చెంచాలకు ఆర్డరొస్తే పదిమంది పంచుకుని చేసేయొచ్చు. కానీ ఒకే ఒక్క చెంచా కావాలంటే? చెక్క కోశాకే చెక్కాలి, చెక్కాకే నునుపు చేయాలి. పదిమంది చుట్టూ కూర్చుంటే ఒకరు చేస్తుంటే తొమ్మిదిమంది చూడాల్సిందే. కోర్ల సంగతీ అంతే. ఐబీఎంలో పనిచేసిన జీన్ ఆమ్డాల్ 1967లోనే ఈ మాట చెప్పారు.

ఒక కోరుతో 100 నిమిషాలు పట్టే పని ఉందనుకోండి. అందులో 90 నిమిషాల పనిని పంచుకోవచ్చు. 8 కోర్లుంటే 21 నిమిషాల్లో అవుతుంది. 16 ఉంటే 16 నిమిషాలు. 32 పెట్టినా 13. ఎన్ని పెట్టినా పదికి తగ్గదు. అదే పంచుకోగలిగింది సగమే అయితే 8 కోర్లతో 56 నిమిషాలు, 16తో 53. మూడు నిమిషాల కోసం రెట్టింపు ధరన్నమాట!

ఇప్పుడు స్టూడియోకు వద్దాం. ఫొటోషాప్‌లో ఆల్బమ్ పేజీలు దిద్దడానికి కోర్ల సంఖ్య కన్నా ఒక్కో కోరు వేగం, ర్యామ్ ముఖ్యం. వీడియో ఎక్స్‌పోర్టులో చాలా భారం గ్రాఫిక్స్ చిప్ మోస్తుంది. కాబట్టి పెళ్లి పనికి 8 కోర్లు, మరీ ఎక్కువుంటే 12 చాలు. మిగిలిన డబ్బు ర్యామ్ మీద, ఎస్‌ఎస్‌డీ మీద పెడితే ఫలితం ఎక్కువ. ఇంటి ప్లాన్లు గీసే ఆటోకాడ్ ఎక్కువగా ఒక్క కోరునే వాడుకుంటుంది. బీటెక్ కుర్రాడి ప్రోగ్రాములకూ 8 ధారాళం. ఆటలకైతే మరీ చిత్రం... 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డీకి ఉన్నవి 8 కోర్లే అయినా, చాలా ఆటల్లో 16 కోర్ల 9950ఎక్స్‌ను దాటేసింది. ప్రాసెసర్ మీదే త్రీడీ యానిమేషన్ రెండరింగ్ చేసేవారికి మాత్రం 16 కోర్లు నిజంగా అక్కరకొస్తాయి.

అంకెల్లో మరో మెలికుంది. ఇంటెల్ కోర్ అల్ట్రా 9 285కె మీద 24 కోర్లని ఉంటుంది. వాటిలో పెద్దవి 8, చిన్నవి 16. అన్నీ ఒకే బలమున్నవి కావు.

రోహిణి కార్తె ఎండల్లో కరెంటునూ లెక్కలోకి తీసుకోవాలి. 9700ఎక్స్‌కు కంపెనీ చెప్పే అంకె 65 వాట్లు, 9950ఎక్స్‌కు 170. పూర్తి పనిలో ఇది 230 దాకా లాగుతుంది. 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సాధారణంగా 360 వాట్లు. దానిమీదే గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ కూడా. ఇక వేడి 95 డిగ్రీలకు చేరితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పదహారు కోర్లకు డబ్బు కట్టి మంచి కూలర్ కొనకపోతే ఏం లాభం?

కొనేముందు ఓ చిన్న పని చేయండి. ఇప్పుడున్న కంప్యూటర్లో రోజూ చేసే పని నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ గ్రాఫ్ మీద మౌస్ కుడి బటన్ నొక్కి లాజికల్ ప్రాసెసర్ల గ్రాఫ్‌లు ఎంచుకోండి. గళ్లన్నీ పైదాకా నిండుతుంటే మీ పనికి కోర్లు చాలడం లేదు. ఒకటి రెండు నిండి మిగతావి ఖాళీగా ఉంటే, 16 కోర్లదాంట్లో ఖాళీ గళ్లు మరిన్ని కనిపిస్తాయంతే.