పెట్రోమాక్సు దీపము – కాలనిర్ణయము



విద్యుత్తు పల్లెలకు రాకపూర్వము మన పెండ్లిపందిళ్ళలోను, హరికథా వేదికలయొద్దను రాత్రిని పగలుగా జేసినది పెట్రోమాక్సు దీపము. నేఁడు పెక్కిండ్ల నది యటకలపై దుమ్ము గొట్టుకొని యున్నది. అట్టి దీప మెవరు చేసినదో, యెప్పటిదో తెలిసికొను విధము నేఁటి ప్రసంగవిషయము.

ముందుగా దాని తత్త్వము. అడుగు తొట్టిలో కిరసనాయిలు పోసి, పంపుతో గాలి నొత్తిడిగా నింపవలెను. ఆ యొత్తిడిచే నూనె సన్ననిగొట్టము ద్వారా పైకెక్కి, వేఁడిమికి ఆవిరియై, సూదిమొనవంటి రంధ్రమునుండి వెలువడి, గాలితో గలసి మాంటిలులో మండును. ఈ మాంటిలును 1885లో ఆస్ట్రియా దేశీయుఁడగు కార్ల్ ఆవర్ కనిపెట్టెను. బెర్లినులో మాక్సు గ్రెట్జు 1910 ప్రాంతమున నిర్మించిన దీపమునకు, పెట్రోలియము, మాక్సు అను రెండు పేరులు గలిసి పెట్రోమాక్సు అను నామ మేర్పడెను. తరువాత ఆ పేరే జాతివాచక మయ్యెను. కావున మనవారు పెట్రోమాక్సని పిలుచునదెల్ల పెట్రోమాక్సు గాదు. చీనాదేశపు సీ యాంకరు మొదలగునవియు నదే రూపమున నున్నవి.

ఇఁక గుఱుతులు. తొట్టిమీఁది ముద్రలే ప్రధానసాక్షులు. ‘పశ్చిమ జర్మనీ’ యను నర్థమిచ్చు ఆంగ్లాక్షరము లున్నచో నా తొట్టి 1949కి పూర్వపుది కానేరదు. ఏలన, ఆ రాజ్య మప్పుడే యేర్పడెను. ‘జర్మనీ’ యని మాత్ర ముండినచో, పాతదే యని వెంటనే నిశ్చయింపరాదు. ఇతర లక్షణములఁ జూడవలెను. ‘డి.ఆర్.పి.’ యనునది జర్మను సామ్రాజ్యపు పేటెంటునకు సంకేతము. 1945కు పూర్వకాలమును సూచించును. 829 అను సంఖ్య 500 క్యాండిల్ దీపమును, 827 అనునది 250 క్యాండిల్ దీపమును దెలుపును; ఇవి నమూనాసంఖ్యలే కాని సంవత్సరములు గావు. స్వీడను దేశపు ప్రైమస్ వారు 1911 మొదలు అక్షరసంకేతములచే సంవత్సరమును దెలిపిరి. అమెరికాలోని కోల్మన్ వారి దీపములలోఁ బెక్కింటి యడుగున నెల, సంవత్సరము అంకెలుగా నుండును.

ఒక్క హెచ్చరిక. గాజు, పైకప్పు, పంపు మాటిమాటికి మార్చఁబడునవి. ఒక భాగముయొక్క కాలము దీపమంతటి కాలము గాదు. ప్రతిభాగమును వేఱుగాఁ బరీక్షించి పిమ్మట నిర్ణయము చేయవలెను.

మఱియొకటి. పాత మాంటిళ్ళలో థోరియమను రేడియోధార్మికపదార్థము గలదు. వాని బూడిదను పీల్వరాదు.

తుదకు నా తప్పిదము జెప్పెదను. మా యింటి దీపమును యుద్ధమునకు ముందు తాతగారు కొనిరని మా పెదనాన్నగారును, 1950 తరువాతఁ దామే కొంటిమని మా తండ్రిగారును జీవితాంతము వాదించుకొనిరి. వారి యనంతరము నేను ఇత్తడి తళతళలాడవలెనని దానిని మెఱుగుపెట్టువాని కిచ్చితిని. దీపము మెఱసినది, ముద్ర యరిగి మాయమైనది. సోదరుల వివాదమును దీర్పఁగల యేకైకసాక్షిని నా చేతులార చెఱిపితిని!

కావున దీపమును మెత్తని గుడ్డతోఁ దుడువుఁడు, ఇటుకపొడితో నొరయకుఁడు. అక్షరములఁ జదివి వ్రాసికొనిన పిదపనే తక్కిన పని.