కుక్క కాటుకు చట్టం దెబ్బ

హైటెక్ సిటీకి కూతవేటు దూరంలోని మణికొండలో 2023 మే నెలలో ఓ యువకుడు పరుపు అందజేయడానికి అపార్టుమెంటు మూడో అంతస్తుకు ఎక్కాడు. తలుపు దగ్గరికి వెళ్లేసరికి ఆ ఇంటి పెంపుడు కుక్క మీదికి ఉరికింది. వేరే దారి కనిపించక అతడు పిట్టగోడ దాటి కిందికి దూకేశాడు. గాయాలైనా ప్రాణం దక్కింది. రాయదుర్గం పోలీసులు కుక్క యజమానిపై కేసు నమోదు చేశారు. అదే సంవత్సరం జనవరిలో బంజారాహిల్స్‌లో భోజనం పార్సిలు ఇవ్వబోయిన మరో యువకుడిని కూడా ఇలాగే కుక్క తరిమింది. అతడు మూడో అంతస్తు నుంచి పడి, కొద్ది రోజులకే ఆసుపత్రిలో చనిపోయాడు.

1998లో సైబర్ టవర్స్ లేచిన నాటి నుంచి ఆ ప్రాంతానికి పల్లెల నుంచి వలస ఆగలేదు. అద్దాల మేడల్లో కంప్యూటర్ల ముందు కూర్చునేవారు కొందరైతే, ఆ మేడలకు కాపలా కాసేవారు, ఇళ్లలో అంట్లు తోమేవారు, పార్సిళ్లు మోసేవారు ఎందరో! రోజూ పరాయి గుమ్మం తొక్కక తప్పని వీరికి కుక్క కరిస్తే, చాలామంది ఇంటివారు ఇచ్చిన నాలుగైదు వందలు పుచ్చుకుని వెనుదిరుగుతున్నారు. చట్టం ఇంతకంటే ఎక్కువే ఇస్తుందన్న సంగతి వారికి చెప్పేవారు లేరు.

పెంపుడు జంతువు వల్ల మనిషి ప్రాణానికి ముప్పు గానీ, తీవ్రమైన గాయం గానీ కలిగే అవకాశం ఉన్నప్పుడు తగిన జాగ్రత్త తీసుకోకపోవడం నేరం. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను ప్రకారం దీనికి ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. పాత శిక్షాస్మృతిలో ఈ జరిమానా 1,000 రూపాయలే. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే 106వ సెక్షను కింద అయిదేళ్ల వరకు జైలు పడవచ్చు. గేటుకు ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అని బోర్డు తగిలించినంత మాత్రాన యజమాని బాధ్యత తీరిపోదు. తన కుక్క కరుస్తుందని ఆయనకు ముందే తెలుసు అనడానికి ఆ బోర్డే సాక్ష్యంగా పనికిరావచ్చు!

అయితే జరిమానా చేరేది ప్రభుత్వ ఖజానాకు. అందులోంచి బాధితునికి పరిహారం ఇప్పించే అధికారం కోర్టుకు ఉన్నా, 5,000 రూపాయలలో ఎంతని ఇప్పిస్తుంది? మందుల ఖర్చు, పోయిన కూలి రాబట్టాలంటే యజమానిపై సివిలు దావా వేయాలి. ప్లీడరు ఫీజు తలచుకునే చాలామంది ఇక్కడ వెనకడుగు వేస్తారు. కానీ స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, ఆదాయం తక్కువ ఉన్నవారికి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ప్లీడరును ఏర్పాటు చేస్తుంది. 15100 నంబరుకు ఫోను చేసినా చాలు. దావా వేయకముందే లోక్ అదాలత్‌కు వెళ్లే వీలుంది. అక్కడ ఫీజు ఉండదు, ఇరుపక్షాలూ రాజీపడితే ఆ తీర్పుపై అప్పీలూ ఉండదు.

ఏ దారిన వెళ్లినా కావలసింది కాగితం. ఆసుపత్రి చీటీ, సూదిమందు కార్డు, మందుల బిల్లులు, గాయం ఫొటో, పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు నకలు దాచుకోవాలి.

వీటన్నిటికంటే ముందు చేయవలసింది గాయం కడగడం. కారం, సున్నం, పసురు ఏదీ పూయరాదు. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాల పాటు కడిగి, వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. టీకా అక్కడ ఉచితమే. చర్మంలో వేసే సూదులు మొదటి రోజు తర్వాత 3, 7, 28 రోజులకు తప్పక వేయించుకోవాలి. గాయం లోతుగా ఉంటే గాయంలోనే వేసే మరో మందు కూడా అవసరం. రెండు సూదులతో తగ్గిందనుకుని మానేయడం ప్రమాదం. పిచ్చి లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం.

మరి వీధి కుక్క కరిస్తే ఎవరిని అడగాలి? 2023 మార్చిలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వీధి కుక్కలకు సంతాన నిరోధక ఆపరేషన్లు, రేబిస్ టీకాలు చేయించే బాధ్యత స్థానిక సంస్థలది. ఆ ఏడాది ఫిబ్రవరి 19న అంబర్‌పేటలో, నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చి కాపలా పని చేసుకుంటున్న కార్మికుని నాలుగేళ్ల కుమారుణ్ణి వీధి కుక్కలు చంపివేశాయి. ఆ ఘటనను తెలంగాణ హైకోర్టు తనంతట తానే విచారణకు స్వీకరించింది. అదే ఏడాది నవంబరులో పంజాబ్, హర్యానా హైకోర్టు పంటి గాటుకు కనీసం 10,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని ఆదేశించింది. ఆ తీర్పు తెలంగాణను కట్టివేయదు గానీ, ఇక్కడి ప్లీడరు దానిని ఉదహరించవచ్చు. పాఠశాలలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి కుక్కలను తొలగించాలని, తిరిగి అక్కడే వదలరాదని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు దేశమంతటికీ ఉత్తర్వు ఇచ్చింది.

ఇదంతా పట్నం గొడవ అనుకోవడానికి వీల్లేదు. కుక్కల బెడద లేని ఊరేది? బెడద భరించలేక విషం పెట్టడం, తుపాకులు పట్టడం మాత్రం కొత్త కేసులు తెచ్చిపెడుతుంది. మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో 2024 ఫిబ్రవరిలో ఓ రాత్రి దాదాపు 20 కుక్కలను కాల్చి చంపినవారు కటకటాల పాలయ్యారు. కరిచే కుక్కలు తిరుగుతుంటే పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, తేదీతో రశీదు తీసుకోవాలి. ముందే చెప్పినా పట్టించుకోలేదని రేపు కోర్టులో రుజువు చేయడానికి ఆ రశీదే ఆధారం.